పన్నెలో మిగిలిన జానెడు పడుగు

కడపలో పట్టునేత మీద కొత్తగా మ్యూజియం తెరిచారనీ, అందులో మా గుంటమగ్గాన్ని నిలబెట్టారనీ తెలిసిన దగ్గర్నించీ మా నాయనకు ఒకటే అనుమానం, చూపరులకు శుభ్రంగా కనపడాలని పన్నెలో, అంటే పోగులు దూర్చే పళ్ళచట్రంలో, మిగిలిన పోగులు కోసేసి ఉంటారని. మగ్గం ఇచ్చేటప్పుడు ఆయన అడిగింది అదొక్కటే, వాటి జోలికి పోవద్దని. పోయిన వారం నన్ను కూడా వెంటబెట్టుకుని బయల్దేరాడు. నన్నెందుకంటే, అనుమానితుల్లో నేను పాతవాణ్ణి.

మగ్గాలున్న వీధిలో పెరిగిన నా ఈడువాళ్ళకు తెలుసు, చీర దిగాక నిలువుపోగుల పడుగును పూర్తిగా తీసెయ్యరు. పన్నెలో జానెడు పోగులు వదిలి, కొత్త పడుగు వచ్చినప్పుడు వేళ్ళకు విబూది అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగును మెలిపెట్టి అతుకుతారు, వేల పోగులూ, ఒక్కొక్కటిగా. నేను మగ్గమెక్కిన మొదటి ఏడు, కొత్త పడుగు వస్తోందని విని, ఈ చిందరవందర ఏమిటని ఎంతో బుద్ధిమంతుడిలా పాత పోగులన్నీ కత్తెరతో కోసి, పన్నెను దువ్వెనలా తుడిచిపెట్టాను. మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ కూర్చున్నాను కూడా. మా అమ్మ, ఇంట్లో ఎవరో పోయినట్టు గడపమీద కూలబడింది. ప్రతి పోగునూ మళ్ళీ పన్నెలోకి ఎక్కించడానికి ఇంటిల్లిపాదికీ నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత నేను గోళ్ళు తీసుకుంటున్నా మా నాయన లేచొచ్చి చూసిపోయేవాడు.

మ్యూజియంలో నున్నటి బండలమీద నిలబెట్టిన మా గుంటమగ్గానికి గుంట లేదు, చుట్టూ తాడు మాత్రం ఉంది. నాయన ఆ తాడు కిందుగా దూరి మోకాళ్ళమీద వంగాడు. అక్కడ పనిచేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"పెద్దాయనా, ముట్టుకోకూడదు!"

"ఇది నా మగ్గమేలేమ్మా. మీరేమన్నా కోసినారేమోనని చూస్తాండా."

"మేమెందుకు కోస్తాం సార్?"

"వీడు గూడా ఆ పొద్దు ఇంతే మర్యాదగా ఉన్నాడు," అన్నాడు నన్ను చూపించి.

పోగులున్నాయి. దుమ్ము పట్టి, జానెడుకు జానెడూ ఉన్నాయి. ఆయన వాటిని వేలితో నిమిరి, ఒక కొస పట్టుకుని అలవాటుగా మెలిపెట్టబోయి, అతకడానికి ఎదురుగా ఏమీ లేదని అప్పుడే తెలిసినట్టు ఆగిపోయాడు.

మా వీధిలో మగ్గాలు ఆగిపోయినప్పుడు కూడా ఇంతే, ఎవరూ ఏమీ కోయలేదు, కొత్త పడుగు రావడం మానేసిందంతే. ఎవరో ఒకరు దొరికుంటే మా నాయన నాలుగు తిట్టి కుదుటపడేవాడు. తిట్టడానికి మనిషి దొరక్క, తిరిగి మా ఊరు జమ్మలమడుగు దాకా బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.