దుబ్బులు చీల్చి నాటిన ఏడు

మొన్న మా మనవరాలు సెల్‌ఫోనులో, పైనుంచి తీసిన మా ఊరి బొమ్మ చూపించింది. మండవల్లి దాటి కొల్లేటి దాకా అన్నీ చేపల చెరువులే, అద్దాలు పరిచినట్టు మెరుస్తున్నాయి, మధ్యలో ఒక్కటే పచ్చముక్క. ఇది ఒక్కటీ మిగిలిపోయిందేంటి నానమ్మా అంది. మిగిలిపోలేదమ్మా, మిగిల్చుకున్నాం అన్నాను. అది మా ఎకరంన్నర. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, రాతలో తప్పులు పోతే పోతాయి గాని, ఆ ఏడు మాత్రం రోజురోజూ నాకు గుర్తే.

నేను కాపరానికి వచ్చిన రెండో ఏడది. ఆషాఢంలో నాట్లు వేస్తే శ్రావణంలో కొల్లేరు ఎగదన్ని చేను ముంచేసింది. మళ్ళీ నారు తెచ్చి నాటితే, వినాయక చవితి వెళ్ళిన వారానికి అదీ కుళ్ళిపోయింది. ముంపు తీసిన చేను వాసన ఎలా ఉంటుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. అంతకు ముందేడూ గింజ రాలేదు. చుట్టుపక్కల ఒక్కొక్కరే చేలు చేపల చెరువులకి ఇచ్చేస్తుంటే మా ఆయనా విసిగిపోయి, ఏలూరు నుంచి వచ్చిన చెరువుల ఆయనతో, దసరా వెళ్ళాక వచ్చి కాగితం రాయించుకోమని, అప్పటికి చేను ఖాళీగానే ఉంటుందని అనేశారు. ఒకసారి తవ్వితే అది మళ్ళీ చేను కాదు. మామగారు పోయాక మా అత్తగారు తానే దమ్ము బురదలో దిగి ఇద్దరు పిల్లల్ని సాకిన చేనది.

ఆవిడ కొడుకుని ఒక్క మాట అనలేదు. గట్టు పక్క మెరకలో, పెరడంత మేర మొదటి నాటు బతికి ఉంది. అందులో ఒక దుబ్బు పీకి, వేళ్ళతో నాలుగు పాయలు చీల్చి, ఇదే మన నారు అని నా చేతిలో పెట్టారు. బతుకుతుందా అత్తయ్యగారూ అని అడిగితే, “నాకేం తెలుసమ్మా. నాటకపోతే బతకదని తెలుసు, అంతే” అన్నారు.

ఆ మెరకలోది అర ఎకరానికైనా చాలలేదు. అప్పుడు ముదినేపల్లిలో మా అత్తగారి తమ్ముడి చేనుకి వెళ్ళాం. వాళ్ళ పంట పాడవకుండా దుబ్బుకి రెండేసి పిలకలు మాత్రం తీసుకుంటామని అడిగి, పొద్దస్తమానం వంగి అదే పని. ఆయన గట్టు మీద నిలబడి, “ఏంటక్కా, వరిచేనుకి పేలు చూస్తున్నావా?” అన్నారు. ఆవిడ తలెత్తకుండానే, “నీ నెత్తి కంటే శుభ్రంగానే ఉందిలేరా” అన్నారు. నవ్వుకుంటూనే ఆయనా దిగి, సాయంత్రం దాకా తీసిపెట్టారు. తడిగోనెల్లో కట్టలు చుట్టి బస్సు మీద వేసుకొచ్చాం.

అవి నాటుతుంటే కాలివేళ్ళ సందులు నాని తెల్లబడిపోయేవి, జలగల్ని ఉప్పు వేసి వదిలించుకునేవాళ్ళం. దారినపోయేవాళ్ళు గడ్డి నాటుతున్నారా అండీ అని మర్యాదగానే ఎగతాళి చేసేవారు. మూడోనాడు మా ఆయన పంచె ఎగ్గట్టి నా పక్క వరసలో దిగారు.

నాట్లయిన పది రోజులకి మళ్ళీ వాన. మా అత్తగారు గట్టు దగ్గర ఒక పుల్ల గుచ్చి, నీళ్ళు అందాకా వచ్చాయో లేదో పొద్దున్నే చూసి వచ్చేవారు. పుల్ల ములిగింది, ఆకు కొసలు మాత్రం పైకి కనబడ్డాయి. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మూడోరోజు నీరు జానెడు తీసింది.

దసరా వెళ్ళాక చెరువుల ఆయన అన్నమాట ప్రకారం వచ్చారు. కొత్త ఆకు వేసి చేను లేతగా నిలబడి ఉంది. మా ఆయన అరుగు దిగి ఎదురెళ్ళి, “ఏమీ అనుకోకండీ, మా చేను ఖాళీ లేదండీ” అన్నారు. వంటింట్లో మా అత్తగారు మజ్జిగ కలుపుతున్న గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయారు. తర్వాత ఆ మజ్జిగ చెరువుల ఆయనకే పంపించారు.

ఆ ఏడు పంట సగమే వచ్చింది, అందులో తాలు గింజలు చాలానే. అయినా ఆ బియ్యపు అన్నం తిన్నంత గర్వంగా నేను మళ్ళీ తినలేదు.

ఇప్పుడు మా అబ్బాయి మిషనుతో ఒక్క పూటలో నాటించేస్తాడు. దుబ్బు చీల్చడం ఎలాగో వాడికి తెలియదు, తెలియాల్సిన పనీ పడలేదు. మా అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ ఉంటే చూపిద్దుననుకుంటూ, ఫోనులో ఆ పచ్చముక్క మీద వేలు పెట్టాను. బొమ్మ ఎటో జారిపోయి అంతా నీళ్ళే కనబడ్డాయి. మనవరాలు దాన్ని వెనక్కి లాక్కొచ్చేదాకా, ఉత్త ఫోనని తెలిసీ, నాకు ఊపిరాడలేదు.