బండ కింద కూర్చునే ముందు

నిరుడు పిల్లలతో గోదావరిలో లాంచీ ఎక్కాను. ఒడ్డున జింకలు, మొసళ్లు కనిపిస్తాయని టికెట్ ఇచ్చినతను చెప్పాడు. మైకులో పాటలు అంతలా మోగుతుంటే ఏ జంతువు మాత్రం నీళ్లకు వస్తుంది? నా చిన్నప్పుడు నాయినతో వచ్చినప్పుడూ ఇదే తంతు. పొద్దుటి నుంచి కళ్లు కాయలు కాసేలా చూస్తే మేకలు కనిపించాయి.

ఆనాడు భోజనాలకు లాంచీని ఇసుక దిబ్బ దగ్గర ఆపారు. నీడ కోసం అందరూ గుట్ట అంచున ముందుకు పొడుచుకొచ్చిన బండ కిందికి పరుగెత్తారు. నాయిన మాత్రం మమ్మల్ని ఆపి, ఎక్కడి నుంచో ఒక కర్ర తెచ్చి, బండను కింది నుంచి తట్టి చెవి ఒగ్గి విన్నాడు. కొత్తగూడెంలో ఆయనది బొగ్గు గనిలో పని. పైకప్పు డొల్లగా మోగితే గనిలో ఎవరూ దాని కింద కూర్చోరు. లాంచీ వాళ్లంతా నవ్వారు. నేను సిగ్గుతో గోదావరి వైపు తిరిగి నిలబడ్డాను.

ఆ చప్పుడుకు బండ నెర్రెలోంచి చిన్న పిట్టలు గుంపుగా లేచాయి. ఆ రోజు మేం చూసిన అడవి అదొక్కటే.

"పిట్టలు గూళ్లు పెట్టుకున్నయంటే బండ గట్టిదే. కూసోండ్రి," అన్నాడు నాయిన.

నాయిన పోయి చాలా ఏళ్లయింది. నిరుడు కూడా లాంచీ ఆ బండ దగ్గరే ఆగింది. పిల్లలు నీడలోకి ఉరకబోతే చెయ్యి అడ్డం పెట్టి, కర్ర వెతికి తెచ్చి తట్టడం మొదలుపెట్టాను.

మా పెద్దమ్మాయి గోదావరి వైపు తిరిగి నిలబడింది.