వాసనొస్తంది పెద్దమ్మా

తొండియార్‌పేటలో కనకవల్లి కట్టెల పొయ్యి మీద కాచే చారుకు పేరుంది. మధ్యాహ్నమైతే హార్బరు కూలీలంతా ఆమె వాకిట్లోనే వాలతారు. భర్త పోయాక ఆమె సంసారాన్ని గట్టెక్కించింది ఆ పొయ్యే. గ్యాసు మీద కాస్తే అది చారే కాదని ఆమె వాదన. కాదనే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు.

ఆ ఇంటి మేడ మీద గదిలోకి శ్రీకాకుళం నుంచి గౌరీశ్వరి కొత్తగా దిగింది. మొగుడికి తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో పని, ఒళ్ళో పసిబిడ్డ. ఒకరోజు మెట్ల మీద నిలబడి మొహమాటంగా అంది, "పెద్దమ్మా, మీ పొయ్యి దగ్గర్నుంచి వాసనొస్తందండీ."

కనకవల్లి మొహం చేటంత అయింది. తరతరాలుగా అరవం మధ్య నానిన ఆమె తెలుగులో వాసనంటే సువాసనే, చెడ్డదైతే కంపు. "రాకుండా పోతాదా మే! నా చారంటే ఏమనుకున్నావు!" అని గిన్నె నిండా పోసిచ్చింది. పాపం ఆ పిల్ల మళ్ళీ మళ్ళీ వచ్చి అదే మాట చెప్పింది, ప్రతిసారీ చారు పట్టుకుని పైకెళ్ళింది. పైన కిటికీ మాత్రం మూసే ఉండేది.

చివరికి ఏడ్చేసింది. "చారు కాదు పెద్దమ్మా, పొగ కంపు! మావైపు వాసనంటే కంపేనండీ. బిడ్డ ఒకటే దగ్గండీ. మేం ఇల్లు ఖాళీ చేసేస్తాం."

ఇంకొకరైతే నోరు చేసుకునేవారు. కనకవల్లి పొయ్యి ముట్టించి, మేడెక్కి, ఉయ్యాల పక్కన కూర్చుంది. సులువుగా దొరుకుతాయని తను పెడుతున్నవి పాత పడవ చెక్కలు. వాటి రంగూ తారూ మాడుతున్న కంపు ఆమె ముక్కుకు అలవాటైపోయింది గానీ, ఆ గదిలో కళ్ళు మండాయి.

"ఐయో, ఈడనా బిడ్డను పండబెట్టినావు!" అంటూ దిగి చెక్కలన్నీ బయటికి లాగేసింది. ఈ కంపు పోతేనే వంట, పోకపోతే పొయ్యినే పగలగొట్టేస్తానని కూలీలకు చెప్పేసింది. అన్నంత పనీ చేసే మనిషే.

పొగగొట్టం దింపించి మోచేతుల దాకా మసి పూసుకుంటూ తోమింది. పిట్టగోడ దాటేలా దాన్ని ఎత్తు చేయించింది. సరుగుడు కట్టెలు తెప్పించి, తడి లేకుండా ఎండబెట్టింది. నాలుగు పుల్లలు ముట్టించడం, పైకెక్కి వాసన చూడడం, దిగి సరిచేయడం. మోకాళ్ళ నొప్పులతో ఆ ఎక్కడం దిగడం చూస్తే ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మళ్ళీ చారు మరిగిన రోజు కూలీలు బారులు తీరారు. పైన కిటికీ తెరుచుకుంది. చంకలో బిడ్డతో గౌరీశ్వరి వంగి అరిచింది, "పెద్దమ్మా, ఇయాల వాసన రాలేదండీ!"

చారులో ఏం తక్కువైందా అని కనకవల్లి ఇంగువ డబ్బా అందుకుంది. అంతలో పైనుంచి బిడ్డ కేరింత వినబడింది. డబ్బా పట్టుకునే పకపకా నవ్వేసింది.

"రాకూడదు మే! ఇంకెప్పుడూ రాకూడదు!"