అమ్మకీ ఒక కంచం

మా చిన్నప్పుడు... వేసవి సెలవులకి ఇంటికొచ్చిన మా అక్క, అన్నం కంచం ముందు పెట్టుకుని చేతులు ముడుచుకుని కూర్చుంది. ముద్ద ముట్టలేదు.

అక్కకి వయసు పెరిగింది గానీ బుద్ధి పసిపిల్ల దగ్గరే ఆగింది. ఊరి బడిలో చేర్చుకోలేదు. ఇలాంటి పిల్లల కోసం గుంటూరు దగ్గర చర్చి సిస్టర్లు నడిపే హాస్టల్ బడిలో వేశాడు నాన్న. అప్పట్నుంచీ మా నాయనమ్మకి కంటి మీద కునుకు లేదు. ఊరికే అన్నం పెట్టి చదువు చెప్పేవాళ్లెవరు, ఏదో మతలబు ఉంటుందనేది.

అక్క రాగానే మెడలో శిలువ ఉందేమోనని వెతికింది... వీపు మీద వాతలున్నాయేమోనని చూసింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది! నిజం చెప్పొద్దూ, నేనూ అక్కని ఓ కంట కనిపెడుతూనే ఉన్నాను.

ఇప్పుడేమో ఈ కంచం...

"చూశావురా? కొట్టి కొట్టి పిల్లని బెదరగొట్టారు. అన్నం తినడానికి కూడా భయపడుతోంది. ఇక పంపేది లేదు" అంది నాయనమ్మ.

మిరప కళ్లం నుంచి అప్పుడే వచ్చి కంచం ముందు కూర్చున్న నాన్న "సరేలేమ్మా, మానిపిద్దాం" అన్నాడు.

గరిటె పట్టుకుని నిలబడ్డ అమ్మ ముఖం మాడిపోయింది. ఆ బడికి వెళ్లాకే అక్క తన జడ తను వేసుకుంటోంది. మానిపిస్తే మళ్లీ ఇంట్లో మూలన కూర్చోవడమే... అమ్మకి ఆ దిగులు.

"తిను తల్లీ" అంది.

అక్క తల అడ్డంగా ఊపి, లేచి వంటింట్లోకి వెళ్లింది. ఇంకో కంచం తెచ్చి తన పక్కన పెట్టింది.

"అమ్మా, కూచో. బళ్లో అంతే... అందరూ కూచున్నాకే తినాలి."

అమ్మ మాతో కలిసి తినగా నేనెప్పుడూ చూడలేదు. అందరి తిండీ అయ్యాక, అడుగూ బొడుగూ ఏదుంటే అది తినేది.

అమ్మ కూర్చుంది. అమ్మ చేతిలో గరిటె నాన్నే తీసుకుని పప్పు వడ్డించాడు. అప్పుడు కలిపింది అక్క, మొదటి ముద్ద.

"ఇదీ వాళ్ల ఎత్తే అయ్యుంటుంది" అని గొణిగింది నాయనమ్మ. కానీ బడి మానిపించే మాట మళ్లీ ఎత్తలేదు.

నాయనమ్మా లేదు, అమ్మా లేదు... ఇప్పుడు మా ఇంట్లో డైనింగ్ టేబులుంది. నేనూ అందరికీ పెట్టి ఆఖర్న తినేదాన్ని అయిపోయాను. అక్క వచ్చినప్పుడు మాత్రం కుదరదు... నా కంచం తనే తెచ్చి పెడుతుంది.

మీ ఇంట్లో అమ్మ ఎప్పుడు తినేదో... మీరెవరైనా చూశారా?