మోటారుకు కట్టిన బంతిపూల దండ

సారుకు పని వచ్చో రాదో ఐటీఐ పిల్లలకు తెలియదని మా దమ్మపేటలో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. వాళ్లకు బాగానే తెలుసు.

నా బిడ్డ ఎలక్ట్రీషియన్ కోర్సు ముగించి బొగ్గు గనిలో అప్రెంటిస్‌గా చేరబోతోంది. అక్కడ తప్పు వైరు ముట్టుకుంటే ప్రాణమే పోతుంది. "పని మా సార్ లెక్క ఎవ్వరు నేర్పరమ్మా" అని అది రోజూ పొగుడుతుంటే నాకు అనుమానం పుట్టి, ఎండాకాలంలో ఒకరోజు వాళ్ల వర్క్‌షాపుకు వెళ్లాను. పిల్లలు నేర్చుకునే మోటారు షాఫ్టుకు దసరా ఆయుధపూజలో కట్టిన బంతిపూల దండ ఎండిపోయి అలాగే ఉంది.

"సార్, దసరా నుంచి దీన్ని తిప్పినట్టే లేదే?" అన్నాను.

ఆయన నోరు తెరిచేలోపే నా బిడ్డ అందుకుంది. "రోజూ తిప్పుతం అమ్మా. దండ తీసి, మళ్ల కడతం."

"ఎండిన దండనా? మీ సార్ పూజారా ఏంది?"

పిల్లలు పకపకా నవ్వారు. సారు నవ్వనూ లేదు, మోటారు దగ్గరికి రానూ లేదు.

తిరిగి వస్తూ, ఎందుకు అబద్ధం చెప్పావని గట్టిగా అడిగితే, "సార్ మంచోడమ్మా, ఎవర్నీ ఫెయిల్ చెయ్యడు" అంది నా బిడ్డ.

ఆ అబద్ధం సారు పరువు కాపాడడానికా, లేక తనకూ పని రాదని నాకు తెలియకుండా ఉండడానికా?