ఎడమ పక్క అరిగిన స్టీరింగు

"కండ్లతోటి చూస్తే ఏం తెల్వది సాబ్. కండ్లు మూసి పట్టుకోండ్రి. చుట్టూ తడుముకుంట పోండ్రి. ఏడ జారితే ఆడ చెప్పుండ్రి."

ఆర్థర్ కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళో ఉన్న పాత మోటారు స్టీరింగు చక్రం మీద మెల్లగా వేళ్ళు నడిపించాడు. నల్లపూత గరుకుగా తగులుతూ వచ్చి, ఎడమ పక్కకు చేరేసరికి జేనెడు మేర సబ్బుబిళ్ళలా జారింది.

"ఇక్కడ చాచా," అన్నాడు.

"మరి నడిపినోడు ఏ దిక్కు కూసున్నట్టు?"

ఆర్థర్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. శనివారం ఒంటిపూట పని ముగియగానే సైకిలెక్కి రాణీగంజ్ సందులోని ఖాజావలి పాత మోటారు సామాన్ల రేకుల కొట్టుకు వస్తాడు. కొనేదీ లేదు, అమ్మేదీ లేదు. వినడానికే వస్తాడు. ఆరు నెలలుగా విన్నది గుర్తు చేసుకుని జవాబు చెప్పాడు. మలుపు దగ్గర సైగ చేయడానికి కిటికీ వైపు చెయ్యి మాటిమాటికీ బయటికి పోతుంది. కాబట్టి చక్రాన్ని అరగదీసేది లోపలి చెయ్యి. ఎడమ పక్క అరిగిందంటే డ్రైవరు కుడి సీటులో కూర్చున్నట్టు.

"శభాష్. రైల్వే నౌకరి ఇడిసిపెట్టి నా కాడికి రాండ్రి. జీతం ఉండది గనీ చాయ్ దొరుకుతది."

ఖాజావలికి అరవై దాటాయి. యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బండ్లు, ఈ ఏడాది జాగీర్లు రద్దయ్యాక జాగీర్దార్ల బంగళాలైన దేవిడీల నుంచి బయటపడ్డ బండ్లు, అన్నీ ముక్కలు ముక్కలుగా పాత ఇనుము బండ్లలో సికింద్రాబాదు చేరుతున్నాయి. ఏ ముక్క ఏ మోటారుదో దాని మీద రాసి ఉండదు. ఆయన బండి చక్రం మధ్యలోని బోల్టు కంతలను వేళ్ళతో లెక్కపెట్టి ఏ బండికి పట్టేదో చెబుతాడు. ఆ చక్రం పుల్లలను మేకుతో ఒక్కొక్కటే తట్టి, మూగగా పలికినదాన్ని పగులుందని పక్కన పడేస్తాడు. బోయిన్‌పల్లి నుంచి బొల్లారం దాకా ఏ ఫిట్టరూ ఆయన చెప్పినదాన్ని మళ్ళీ సరిచూసుకోడు.

నిజాం రాజ్యం పడిపోయిన పోలీసు చర్య తర్వాత మాత్రం, ముస్లిం కొట్టని, ఎనిమిది నెలలు ఆ కొట్టు గడప ఎవరూ తొక్కలేదు. చాచా అని పిలిచినవాళ్ళే అవతలి పక్కనుంచి నడిచి వెళ్ళిపోయేవారు. ఆయన రోజూ రేకు తలుపు తీసి, తుప్పు పట్టకుండా సామానుకు నూనె రాసి, సాయంత్రం మూసి వెళ్ళేవాడు. మొదట వచ్చింది బొల్లారంలోని చిన్న మిషన్ దవాఖాన నర్సు దేవకృపమ్మ. యాప్రాల్ వైపు పల్లెల నుంచి పురిటి నొప్పుల ఆడవాళ్ళను తెచ్చేది ఆ దవాఖానకున్న ఒకే ఒక మోటారు. అది కుడి సీటు బండి; చక్రం తిప్పుడును కింది మరలకు అందించే దాని స్టీరింగు డబ్బా పగిలింది. ఎక్కడున్నా నువ్వే వెతికిపెట్టాలి అని ఆమె నలుగురూ వింటుండగా అడిగి వెళ్ళింది. ఆమె వచ్చాకే మిగతా వాళ్ళూ ఒక్కొక్కరుగా రావడం మొదలైంది.

వెతకగా వెతకగా, పాత ఇనుము అమ్మే పర్వతాలు అనే అతని బండిలో అదే కంపెనీది దొరికింది. ఈ చక్రం, దాని డబ్బా, రెండు తలుపులు, అన్నీ ఒకే మోటారువి. మిలిటరీ వేలం సరుకన్నాడు పర్వతాలు. కుడి సీటు బండి డబ్బా, ఎడమ సీటు బండి డబ్బా పైకి ఒకేలా కనబడతాయి. లోపలి మర ఎటు తిరిగిందో విప్పితేనే తెలుస్తుంది. చక్రం సాక్ష్యం చెప్పింది కదా అని ఖాజావలి విప్పలేదు. నిన్ననే డబ్బాను దవాఖాన ఫిట్టరు యెషయాకు పంపాడు. బిగించే కంతలు అంగుళం తేడాగా ఉన్నాయని యెషయా కబురు పెడితే, వేరే ఏడాది తయారైనదై ఉంటుంది, బండి అడుగు చట్రం, అదే చాసిస్, కొంచెం కోసి కూర్చోబెట్టమన్నాడు. యెషయా ఈరోజు నాలుగింటికి రంపం పెడతానన్నాడు.

ఇంత విద్య ఎవరి దగ్గర నేర్చారని ఆర్థర్ అడిగాడు. ఖాజావలి బీడీ వెలిగించి తన ఉస్తాదు అల్లాఉద్దీన్ సంగతి ఎత్తుకున్నాడు. ఒక జాగీర్దారు దేవిడీలో పెద్ద డ్రైవరట. గేటు దగ్గర జవాన్లు, దొరగారి బావమరదులు, ఎదురొచ్చే ప్రతి పెద్దమనిషికీ సలాము కొట్టాలట.

"కుడిచెయ్యి సలాములకే సరిపాయె. పదిహేనేండ్లు ఎడమచేతితోనే బండి నడిపిండు. ఒకపారి మేకకు సుత సలాం కొట్టిండు. ఆదతు, అలవాటు పడ్డ చెయ్యి."

ఆర్థర్ నవ్వి, నవ్వు ఆగాక ఊరికే అడిగాడు. "ఆయన ఏ పక్క కూర్చునేవారు?"

"ఎడమ దిక్కే. అమెరికా నుంచి తెప్పించిన బండి గద..."

బీడీ నోటిదాకా వెళ్ళి ఆగింది.

ఖాజావలి ఆర్థర్ ఒళ్ళోంచి చక్రం తీసుకుని, ఆ నున్నటి చోటును బొటనవేలితో మళ్ళీ తడిమాడు. తర్వాత లేచి మూలనున్న రెండు తలుపుల దగ్గరికి వెళ్ళాడు. కుడి తలుపు అంచు రంగు చెక్కుచెదరలేదు. ఎడమ తలుపు అంచున, డ్రైవరు మోచెయ్యి ఆనే చోట, రంగు పోయి ఇనుము బయటపడింది.

మిలిటరీ బండి కాదది. దేవిడీ బండి. ఎడమ సీటులో కూర్చుని, కుడిచేత్తో సలాములు కొట్టి, ఎడమచేత్తో నడిపిన చక్రం. ఆ డబ్బా దవాఖాన మోటారుకు బిగిస్తే చక్రం ఎడమకు తిప్పితే బండి కుడికి పోతుంది. చాసిస్ ఒకసారి కోశాక రేపు సరైన డబ్బా దొరికినా కూర్చోదు.

గోడ గడియారంలో మూడవుతోంది. ఆర్థర్‌కు ఎనిమిది నెలల ఖాళీ కొట్టు గుర్తొచ్చింది. పర్వతాలే అబద్ధం చెప్పాడంటే సరిపోతుంది కదా, లేదా ఇంతకంటే మంచి డబ్బా దొరికిందందామా, అని మెల్లగా అన్నాడు.

"పర్వతాలును అనేదేముంది. దేవిడీ సరుకంటే ఎవలది, ఎట్లొచ్చిందని సవా లక్ష సవాళ్ళు అడుగుతరని అందరూ మిలిటరీదే అంటున్నరు. నేను చక్రాన్ని అడిగిన, తలుపును అడగకపోతిని." ఆయనే వెళ్ళి ఆర్థర్ సైకిలును గోడ నుంచి తీసి రోడ్డు వైపు తిప్పాడు. "యెషయాకు వేరే బహానా చెప్తే ఆగడు సాబ్. చాచా చెప్పినంక మల్ల చూసుడేందని కోసేస్తడు. ఖాజావలి తప్పు చెప్పిండు అనుండ్రి. దేవకృపమ్మ ముందలనే అనుండ్రి. పగిలిన పాత డబ్బా పారెయ్యొద్దు, పొద్దుగాల నేనే వచ్చి అతుకు పెట్టిస్తనని చెప్పుండ్రి. పోండ్రి, జెర గట్టిగ తొక్కుండ్రి."