పడిన గీతలు, కోసిన గీతలు

ఈ రోజు మా అక్క పుత్తూరు నుంచి కారు చక్రం ఒకటి మోయించుకుని చిత్తూరులోని నా లేత్ షాపుకు వచ్చింది. బావ మోజుపడి మద్రాసులో కొన్న అల్యూమినియం అల్లాయ్ చక్రాల్లో అదొకటి. పైపూత లేచిపోయి ముఖమంతా తెల్లగా పొక్కింది. అక్క పట్టుబట్టి ఉప్పుకాగితంతో ఎంత రుద్దినా మసకే మిగిలిందట.

"అక్కా, ఇది రుద్దితే వచ్చే మెరుపు కాదు. లేత్ మిషన్ మీద పైపొర సన్నంగా కోస్తే వచ్చేది. లోతుగా తెగితే చక్రం పనికిరాదు. ఇట్లాంటిది ఈడ ఇంకోటి దొరకదు. నేనెప్పుడూ చేయలే," అన్నాను.

"ఇప్పుడు చెయ్యి. పోతే నా చక్రమే కదా పొయ్యేది," అని అక్క మిషన్ పక్కనే నిలబడింది.

చక్రం వంకర లేకుండా తిరిగేదాకా విప్పి, మళ్ళీ బిగించాను. ఊపిరి బిగబట్టి వెంట్రుకంత పొర తీశాను. ఉలి పోయిన దారంతా సన్నటి గుండ్రటి గీతలు మిగిలి, లోపలి లోహం వెండిలా తళుక్కుమంది. తడి తగలకముందే రంగులేని వార్నిష్ పూశాను.

సాయంత్రం బావ వచ్చి వంగి చూశాడు. "ఏమప్పా, అంతా గీతలు పడినాయే!" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "అవి పడిన గీతలు కాదు, కోసిన గీతలు. అవి ఉండబట్టే అట్ల మెరుస్తా ఉండాది. మిగతా మూడూ రేపు తెస్తా."

చక్రం చూడాలనుకునేవాళ్ళు తప్పకుండా షాపుకు రండి. గీతల సంగతి మాత్రం నన్నడగకండి, అక్కనే అడగండి.